ఎవరూ లేని పక్షం

సింగపూరులో ఖాళీ కుర్చీ మీద టిష్యూ పాకెట్ పెట్టి వెళ్తే ఆ కుర్చీ మనదే. తిండి తెచ్చుకుని వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. దీన్నే ఇక్కడ 'చోప్' చేయడం అంటారు. మా తెనాలిలో బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరేవాళ్ళం, అదీ ఇదే సంగతి. కాకపోతే మా ఊళ్ళో తువ్వాలు వేశాక కూడా ఒక పోట్లాట మిగిలి ఉంటుంది.

నిన్న పొద్దున్న టాంపినీస్‌లో మా బ్లాకు కింది కాఫీ షాపుకు వెళ్తే, మూల బల్ల దగ్గర ఎదురెదురు కుర్చీల మీద రెండు టిష్యూ పాకెట్లు కనిపించాయి. ఎవరో చైనా దంపతులవి. ట్రేలు పట్టుకుని వచ్చి కూర్చుని నూడుల్స్ తినడం మొదలుపెట్టారు. నేను కాఫీ చెప్పడం కూడా మరిచిపోయి వాళ్ళనే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ నన్ను చూసి, కుర్చీ కావాలేమోనని పక్కకు జరిగింది. వద్దని చెప్పి ఇంటికి వచ్చేశాను. మా బ్లాకులో ఉండే అంకుల్ పోయి ఇన్నేళ్ళయినా నాకు ఆ బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుంటే కష్టంగానే ఉంటుంది.

ఆయన ఎప్పుడూ రెండు పాకెట్లు పెట్టేవారు. ఒకటి తన కుర్చీకి, ఒకటి ఎదుటి కుర్చీకి. ఒక్కరే వచ్చినా రెండే.

"ఇంకెవరు వస్తున్నారంకుల్?" అని కొత్తలో అడిగాను.

"ఎదర పచ్చం," అన్నారు, ఎదుటి పక్షం అని. "ఎదర పచ్చం నేకపోతే నాను నోరిప్పడం ఎందుకమ్మాయ్?"

శ్రీకాకుళం వైపు నుంచి ఆయన తాత, వంతెనకు అవతల మలేషియాలో ఉన్న జొహోర్ రబ్బరు తోటలకు వచ్చాడట. ఆ తాత మూటలో తెచ్చుకున్న తెలుగే ఈయన నోట్లో ఇంకా ఆడుతుండేది. దానికి తోడు మధ్యలో తమిళం, చివర మలయ్. 'సుదా' అంటే మలయ్‌లో అయిపోయిందని అర్థం. వాదం ముగిసిందని తనకు అనిపించినప్పుడు బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టి "సుదా! కాఫీ తాగు" అనేవారు. ఎదుటివాడికి ముగిసిందా లేదా అన్న పట్టింపు లేదు.

తంజోంగ్ పగార్ ఓడరేవులో సరుకులు లెక్కచూసే గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక కూడా ఇస్త్రీ చేసిన తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో పెన్నూ లేకుండా కిందికి దిగేవారు కాదు. ఆ పెన్నుతో ఏమైనా రాయగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. కాఫీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు. ఎవరైనా మాట అన్నప్పుడు సాసర్‌ని వేలితో మెల్లగా పక్కకు జరిపారంటే ఇక ఆ పూట మనం ఇంటికి వెళ్ళేది లేదు.

అవి ఐటీ ఉద్యోగాలతో తెలుగువాళ్ళు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులు. లిఫ్టు ఎక్కితే ఎవరో ఒకరు పులిహోర డబ్బాతో ఎదురయ్యేవారు. శనివారం పొద్దున్న మేమంతా ఆ కాఫీ షాపులో చేరేవాళ్ళం. ఈయనకు అది పండగ. ఏదో ఒక మాట మధ్యలో పడేసేవారు. అన్నం కుక్కర్లో వండాలా గిన్నెలో వార్చాలా. వాన వస్తుందనుకుంటే గొడుగు తీసుకెళ్ళాలా తడవాలా. మేం తలా ఒకటి అన్నాక, "ఆగండాగండి. అటెంతమంది, ఇటెంతమంది?" అని వేలితో లెక్కపెట్టేవారు. తక్కువమంది ఉన్నవైపు తను చేరేవారు. ఎవరూ లేకపోతే మరీ సంతోషం.

"ఎవులూ లేని పచ్చం నాది," అని సాసర్ జరిపేవారు.

మా ఆయనది వరంగల్. ఆయనకు ఓడిపోవడం చేతకాదు. ఒక శనివారం అన్నం గిన్నెలోనే వార్చాలని అంకుల్, కుక్కరే మేలని మా ఆయన గంటసేపు కొట్టుకున్నారు. చివరికి మా ఆయన రెండు చేతులూ ఎత్తేసి, "సరే అంకుల్, మీరు చెప్పిందే కరెక్టు. ఒప్పుకుంటున్న," అన్నాడు.

అంకుల్ మొహం ఒక్కసారిగా వాడిపోయింది. "ఒప్పీసుకున్నావేటి?" అన్నారు. ఒక్క క్షణం ఆలోచించి, "అలగైతే నాను ఇటొచ్చీసినాను. కుక్కర్లో ఉన్న సుకం గిన్నెలో ఎక్కడుంది బాబూ? గంజి వంపక్కర్నేదు, సెయ్యి కాలదు..." అని మొదలుపెట్టారు.

"గిదేం అన్యాయం అంకుల్! నేను మీ దిక్కు ఒచ్చిన గదా!"

"నువ్వొచ్చినావు గాబట్టే నాను ఎలిపోనాను. ఇద్దరం ఒకేపక్క కూకుంటే అటుపక్క ఎవులుంటారు?"

కాఫీ షాపులో అందరూ నవ్వారు. టీ కాచే మలయ్ అబ్బాయికి ఏం అర్థమైందో గానీ వాడూ నవ్వాడు. ఆంటీ మాత్రం నవ్వలేదు. "ఈయన్తో కాపురం సెయ్యాలంటే ఏదీ ఒప్పుకోకూడదమ్మా. ఒప్పుకుంటే మల్లీ మొదటికొస్తాది. సిన్నప్పట్నుంచీ ఇంతేనట," అంది.

ఇలాంటి మనిషి ఒకరోజు వాదం మధ్యలోంచి లేచి వెళ్ళిపోయాడంటే నమ్ముతారా? నేను కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

అది మన రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది. మా ఇంట్లోనే రెండు రాష్ట్రాలున్నాయని అందరూ మమ్మల్ని ఆటపట్టించేవారు. మేమూ నవ్వేవాళ్ళం. ఆ శనివారం మాత్రం నవ్వు నవ్వుగా మిగల్లేదు. మా ఆయన ఒకటన్నాడు, నేను రెండన్నాను. నీళ్ళ దగ్గర మొదలై మీవాళ్ళు మావాళ్ళు దాకా వెళ్ళింది. పక్కన కూర్చున్నవాళ్ళు తలలు దించుకుని ఫోన్లు చూసుకోసాగారు. అంకుల్ లెక్కపెడతారని, ఏదో ఒక పక్షం చేరతారని, చివరికి సుదా అంటారని నేను లోపల్లోపల ఎదురుచూస్తూనే ఉన్నాను.

ఆయన సాసర్ జరపలేదు. లేచి నిలబడ్డారు. "ఈ మాట మీద ఆడొద్దమ్మా," అన్నారు. "ఇంకేటైనా ఆడుకోండి. ఇడిపోడం, కలిసుండడం... ఈ మాట మీద ఆడొద్దు." కాఫీ తాగకుండా, గొడుగు కూడా తీసుకోకుండా లిఫ్టు వైపు వెళ్ళిపోయారు. ఇంటికి వెళ్ళాక ఆ రోజంతా మేమిద్దరం మాట్లాడుకోలేదు. కోపంతో కాదు, సిగ్గేసింది.

సాయంత్రం గొడుగు ఇవ్వడానికి వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళాను. ఆయన పడుకున్నారు. ఆంటీ వంటగదిలో కూర్చోబెట్టి, గొంతు తగ్గించి చెప్పింది.

ఆయనకు ఒక అన్న ఉన్నాడు. చిన్నప్పుడు ఇద్దరూ జొహోర్ తోటలోంచి బతుకుతెరువుకు సింగపూరు వచ్చారు. ఓడరేవు క్వార్టర్సులో ఒకే గదిలో ఉండేవారు. తమ్ముడు రేవులో గుమాస్తా. అన్నకు అనాస పళ్ళ లారీ. జొహోర్లో పళ్ళు ఎత్తుకుని, సముద్రం మీది వంతెన దాటి, సింగపూరులో పళ్ళను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీకి చేర్చడం పని. అప్పటికి సింగపూరు మలేషియాలో చేరి రెండేళ్ళు కాలేదు. చేరినప్పటి నుంచీ గొడవలే. ఉండాలా, బయటికి వచ్చేయాలా అని జనాన్ని ఎవరూ ఓటు అడగలేదు గానీ, కాఫీ కొట్టుల్లో మాత్రం అందరి నోటా అదే మాట.

"క్వార్టర్సులో అందరూ కలిసుండాలనీవోలే," అంది ఆంటీ. "మనకి అటుపక్క సుట్టాలున్నారు, అమ్మలున్నారు. ఇడిపోతే ఎలగ? ఈయనికి మరి ఎవులూ లేని పచ్చం కావాల గదా. ఇడిపోవాలి అని మొదలెట్టినారు. నాను అప్పుడు కొత్త పెళ్ళికూతుర్ని. తలుపు సాటున నిలబడి ఇన్నాను. ఎంత బాగా మాటాడినారనుకున్నావు! సరుకు మీద పెత్తనం మనదే అవ్వాల, రేవు మనదే అవ్వాల, ఇంకోల దయ మీద బతకడం ఏటి అన్నారు. అందరూ సప్పట్లు కొట్టినారు. బావగారు ఒక్కరే కొట్టనేదు. వంతెన మీద గేటు పడితే నా లారీ ఏటవ్వాలిరా అన్నారు. దానికీ ఈయనొక జవాబు సెప్పీసినారు. అందరూ నవ్వినారు."

కొన్ని వారాలకే రేడియోలో వార్త వచ్చింది. సింగపూరు వేరే దేశం. టీవీలో ప్రధానమంత్రి మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అన్న ఆ రోజు లారీ ఎక్కుతూ, "నీ కోరిక తీరింది గదరా," అని మాత్రం అన్నాడట. జొహోర్లో తల్లి దగ్గరికి వెళ్ళిపోయాడు. గేటు ఒక్కరోజులో పడలేదు. మొదట సరుకుల మీద సుంకాలు, ఆ తర్వాత మనుషులకు కాగితాలు. లారీ ఎక్కువకాలం నిలవలేదు. అన్న అక్కడి పౌరుడయ్యాడు, తమ్ముడు ఇక్కడి పౌరుడయ్యాడు.

"అంకుల్ వెళ్ళి కాళ్ళు పట్టుకోవాల్సింది," అన్నాను నేను.

"ఎల్లినారమ్మా. నాను మనసులో అలగ అనుకోనేదు అన్నియ్యా, ఉత్తినే వాదానికి అన్నాను అని సెప్పినారు. దానికి బావగారు..." ఆంటీ వంటగది తలుపు దగ్గరగా వేసింది. "నువ్వు నమ్మి అన్నావనుకుంటే ఎప్పుడో మర్సిపోయీవోణ్ణిరా, నా బతుకు మీద ఆటాడినావా నువ్వు, అన్నారు. అంతే. మా అత్తగారు పోయినప్పుడు పాడెకి ఇద్దరూ చెరోపక్క పట్టినారు. ఒక్క మాట మాటాడుకోనేదు."

గొడుగు అక్కడ పెట్టి మెట్లమీదుగా దిగి వచ్చాను. లిఫ్టు కోసం నిలబడాలనిపించలేదు. ఎదుటి కుర్చీ మీద పాకెట్ ఎవరి కోసమో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత ఆయన మామూలుగానే ఉన్నారు. గొడుగు మీదా, కుక్కర్ మీదా వాదిస్తూనే ఉన్నారు. మేమే జాగ్రత్తపడ్డాం. రాష్ట్రం మాట ఆ బల్ల దగ్గరికి మళ్ళీ రాలేదు.

రెండేళ్ళకు బ్రిటన్ గొడవ వచ్చింది. యూరప్ దేశాల కూటమిలో ఉండాలా, బయటికి రావాలా అని వాళ్ళు ఓటు వేయబోతున్నారు. నాది రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్రిటిష్ బ్యాంకు ఐటీలో ఉద్యోగం. మా మేనేజర్లు లండన్లో ఉంటారు. వాళ్ళు బయటికి వస్తే సిస్టమ్స్ అన్నీ మార్చాలి, మనకు పదేళ్ళ పని అని కొందరు, ఉన్న పనే పోతుందని కొందరు. బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు మా గుంపులో చాలామంది ఉన్నారు. ఓటుకు ముందు శనివారం, బ్లాకులోని కమిటీ గదిలో సరదాగా చర్చ పెడదామన్నారు. నేల మీద టేపు అంటించి, ఉండాలనేవాళ్ళు ఎడమవైపు, పోవాలనేవాళ్ళు కుడివైపు కూర్చోవాలి. మాటలు విని మనసు మారినవాళ్ళు గీత దాటొచ్చు. అధ్యక్షుడిగా అంకుల్ని పిలవాలని ఎవరో అన్నారు. వద్దని నేనూ మా ఆయనా ఒకేసారి అన్నాం. మేమిద్దరం ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారేమో.

పిలవకపోయినా ఆయన వచ్చారు. తెల్ల చొక్కా, పెన్ను. వెనక గోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఆ పూట సరదా కోసం అందరూ కుడివైపే చేరారు. పోతేనే మజా, పోతేనే కొత్త పని అంటున్నారు. ఉండాలని మాట్లాడతానన్న అబ్బాయి, పిల్లకు జ్వరమని రాలేదు. ఎడమవైపు కుర్చీలన్నీ ఖాళీ. ఒక్కొక్కరే తల తిప్పి వెనక్కి చూడసాగారు. వాళ్ళకు కథ తెలియదు. ఎవరూ లేని పక్షం కనిపిస్తే అంకుల్ ఆగలేరని మాత్రం తెలుసు.

"రండంకుల్, మీ పక్షం ఖాళీగా ఉంది!" అని ఎవరో అరిచారు.

ఆయన చాలాసేపు ఆ ఖాళీ కుర్చీల వైపు చూశారు. తర్వాత లేచి, నెమ్మదిగా నడిచి, గీత దాటి ఎడమవైపు నిలబడ్డారు.

"నాకు బ్రిటన్ తెల్దు. యూరోపూ తెల్దు," అన్నారు. "నాకు తెలిసింది ఒక వంతెన. ఇది ఆట కాదు. ముందే సెప్తన్నాను. ఇడిపోతే ఏటి బాగుంటాదో అవన్నీ నాకు నోటికొచ్చు. రేవు మనదవుద్ది, పెత్తనం మనదవుద్ది. ఒప్పుకుంటాను. కానీ మా అన్నియ్య ఒక మాటన్నాడు. గేటు ఏసినోడు గేటు కాడ నిలబడడురా, నిలబడీవోడు ఏరే ఉంటాడు అన్నాడు. పళ్ళు ఎండలో ఆగితే కుళ్ళిపోతాయి, మనుసులు ఆగినా అంతే అన్నాడు. ఆ రోజు నాను ఎదర పచ్చంలో ఉన్నాను. నానే గెలిచినాను. అందరూ సప్పట్లు కొట్టినారు."

ఆయన జేబులో పెన్ను సర్దుకున్నారు.

"అన్నియ్య మాటకి ఆ రోజు ఎవులూ సప్పట్లు కొట్టనేదు. మీరు కొట్టకపోయినా పరవానేదు. ఆ మాట ఒకపాలి పైకి అనాలని ఒచ్చినాను. కలిసున్నోలు పోట్లాడుకుంటారు. నిజమే. కానీ పోట్లాడుకోడానికైనా ఎదర మనిసుండాల గదా."

ముందుగా మా ఆయన లేచాడు. గీత దాటి అంకుల్ పక్క కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత నేను. తర్వాత మెల్లగా ఒక్కొక్కరు. కుడివైపు కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. ఇప్పుడు దూకుతారు చూడండి అని వెనక ఎవరో నవ్వుతూ అన్నారు. అందరం దానికోసమే ఎదురుచూస్తున్నాం. అలవాటు ప్రకారం ఈపాటికి ఆయన అటు వెళ్ళిపోయి ఉండాలి. చివరికి అటువైపు ఎవరూ మిగల్లేదు.

ఆయన కదల్లేదు. రెండు చేతులూ ముందుకు కట్టుకుని, ఆ ఖాళీ అయిపోయిన కుర్చీల వైపు చూస్తూ అలాగే నిలబడ్డారు. సుదా అని కూడా అనలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

అందరూ వెళ్ళాక టేపు పీకుతూ అడిగాను. "జొహోర్లో పెద్దాయనకు ఫోన్ చెయ్యండంకుల్. ఇక్కడ అన్నది ఆయనతో చెప్పండి."

"ఏటని సెప్పమంటావు? నీ పచ్చానికి ఒచ్చీసినాను అన్నియ్యా అనా?" నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. "బతుకంతా గోడలు దూకినోడి మాట ఎవులు నమ్ముతారమ్మాయ్? ఇదీ ఆటేరా నీకు అంటాడు. ఇంకొకపాలి ఆ మాట ఇనలేను."

"అలా అనరు. మీరు చెయ్యండి."

"సూద్దాం," అన్నారు. చూద్దాం అంటే మన భాషలో ఏమిటో మీకూ తెలుసు.

తర్వాతి శనివారానికి ఫలితం వచ్చేసింది. ఆయన మూల బల్ల దగ్గర రెండు పాకెట్లు పెట్టుకుని కూర్చున్నారు.

"ఎలిపోనారా?" అని అడిగారు.

"వెళ్ళిపోయారంకుల్."

కాఫీ సాసర్లో పోసుకుని రెండు గుక్కలు తాగారు. "పాపం, లారీలోలు," అన్నారు.

ఆ ఏడాది చివర వానల్లో ఆయన పోయారు. పొద్దున్న స్నానానికి వెళ్ళిన మనిషి బయటికి రాలేదు. బ్లాకు కింద ఖాళీ జాగాలో, ఇక్కడి పద్ధతి ప్రకారం గుండ్రటి బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వేరుశనగలు, డబ్బా పానీయాలు పెట్టారు. పక్క బ్లాకుల మలయ్‌వాళ్ళూ చైనావాళ్ళూ వచ్చి కూర్చుని వెళ్ళారు. ఆ పొద్దున్న నేను ఏ బుద్ధితో చేశానో తెలియదు, ఒక మూల బల్ల దగ్గర ఎదురెదురుగా రెండు కుర్చీల మీద రెండు పాకెట్లు పెట్టాను. ఎవరూ వాటిని తీయలేదు.

జొహోర్‌కు ఫోన్ చేసింది ఆంటీయే. వస్తున్నానన్నాడు పెద్దాయన. తెల్లవారకముందే కొడుకు కారులో బయల్దేరాడని కబురు వచ్చింది. స్కూళ్ళ సెలవులు, పైగా శనివారం. వంతెన మీద కార్లు కదలడం లేదు. గేటు దగ్గర ఉన్నామని ఒకసారి, ఇంకా గేటు దగ్గరే ఉన్నామని ఇంకోసారి కొడుకు ఫోన్ చేశాడు. మందాయ్ శ్మశానంలో ఇచ్చిన సమయం దాటితే లేదు. పంతులు గడియారం చూసుకుంటూ తిరుగుతున్నాడు. ఆంటీ రోడ్డు వైపు చూసి చూసి, చివరికి తలూపింది. తీసుకెళ్ళారు.

మగవాళ్ళంతా మందాయ్ వెళ్ళారు. ఆంటీని పైన స్నానానికి పంపి, నేను కింద నేల కడిగించి, కుర్చీలు సర్దుతున్నాను. అప్పుడు ఒక ముసలాయన కర్ర ఊతతో వచ్చాడు. అదే ముక్కు, అదే నుదురు, ఇంకొంచెం పొడుగు. పక్కన ఎవరూ లేరు. కొడుకు కారు పెట్టే చోటు వెతుక్కుంటున్నాడట.

"ఎలిపోనాడా?" అన్నాడు.

మా ఆయనకు ఫోన్ చేశాను. అయిపోయిందన్నాడు. ఆ మాట పెద్దాయనకు నేనే చెప్పాల్సి వచ్చింది. "అయిపోయిందటండీ."

"సుదా," అన్నాడు మెల్లగా. "గేటు కాడ ఆపీసినారమ్మా. నాను ముసిలోణ్ణి, మా తమ్ముడు సచ్చిపోనాడు అని సెప్పినాను. అందరికీ ఏదో ఒకటి ఉంటాది గదా, ఆలు మాత్రం ఏటి సేస్తారు?"

కూర్చోమన్నాను. మూల బల్ల దగ్గరికి నడిచి, కుర్చీ మీది పాకెట్ చూసి ఆగాడు. ఎవరిదో అనుకున్నాడు. "మీదే," అన్నాను. రోజూ మీ తమ్ముడు మీకోసం ఒకటి పెట్టేవారని చెప్పాను. ఆయన పాకెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదుటి కుర్చీ మీద రెండోది అలాగే ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు.

"ఒక మాట అడుగుతాను, నిజం సెప్పు. సివరికి ఆడు ఏ పచ్చంలో ఉన్నాడు?"

దేని గురించి అని నేను అడగలేదు. ఆయన ఇంకేం అడుగుతాడు? "మీ పక్షమేనండీ," అన్నాను. కమిటీ గది, ఖాళీ కుర్చీలు, అనాస పళ్ళు, గేటు మాట, అన్నీ చెప్పాను. "అందరం ఆయన వైపు వెళ్ళాం. అయినా ఆయన మారలేదు. ఇది ఆట కాదని ముందే చెప్పారు. మీతో చెప్పాలనుకున్నారు, మీరు నమ్మరని భయపడ్డారు."

పెద్దాయన తల ఊపుతూ విన్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. ఒళ్ళో టిష్యూ పాకెట్ ఉన్న సంగతి కూడా గుర్తులేదు.

"నాను ఆడి మాట ఎన్నడో ఒప్పీసుకున్నానమ్మా," అన్నాడు. "లారీ పోనాదని పదేళ్ళు ఏడిసినాను. తరవాత సూస్తే ఇక్కడోలు బాగున్నారు, అక్కడ మా పిల్లలూ బాగున్నారు. రోజూ కొట్టుకునీకన్నా ఎవులింట్లో ఆలుండడమే మంచిదయిందేమో, ఆడన్నదే నిజమేమో అనిపించీది. ఇంట్లో మా కోడలితో కూడా అననేదు. ఎదురుపడితే ఆడికే సెప్దామని దాసుకున్నాను."

ఎదుటి కుర్చీ వైపు చూసి ఒక్కసారి నవ్వాడు, అచ్చం తమ్ముడి నవ్వే. నవ్వు మధ్యలోనే మొహం చేతుల్లో దాచుకున్నాడు. వేళ్ళ మధ్య నుంచి మాట వినిపించింది.

"నాను ఆడి పచ్చానికి ఒచ్చీసినానని ఆడికి ఎవులు సెప్పినారమ్మా?"